డ్యూటీకి వెళ్ళివచ్చే సైకిల్‌కు ఎంత బ్యాటరీ కావాలి?

ఈ మధ్యకాలంలో మా ఆసుపత్రి సైకిల్ స్టాండులో కొత్తరకం సైకిళ్ళు కనబడుతున్నాయి. పెడల్ తొక్కవలసిందే, గొలుసు ఉన్నదే, బెల్లు ఉన్నదే. అయితే వెనుక చక్రం ఇరుసులో ఒక చిన్న మోటారు, ఫ్రేము మీద మంచినీళ్ళ సీసా అంత బ్యాటరీ బిగించి ఉంటాయి. మనం తొక్కుతున్నంతసేపు మోటారు కూడా కొంత బలం కలుపుతుంది. మోకాళ్ళ నొప్పుల వలన సైకిల్ మానుకొని, రోజూ షేర్ ఆటోలకు డబ్బు పోస్తున్న మా ఆయాలు, స్టాఫ్ నర్సులు వీటి మీద ఆశ పెట్టుకుంటున్నారు. "అమ్మగారూ, సైకిల్ సంగతి సరే, బ్యాటరీ ఏది తీసుకోమంటారు?" అని మమ్మల్ని అడుగుతున్నారు. ఒక దుకాణంలో పెద్దది చూపించి ఇదే మంచిదంటారు, పక్క దుకాణంలో చవకది చూపించి ఇదే చాలంటారు. ఎవరి మాట వినాలో తెలియక తిరిగి వస్తున్నారు.

ఆరోగ్య పత్రికలో సైకిల్ బ్యాటరీ గురించి రాయడమేమిటని అనుకోవద్దు. తొక్కడం వలన గుండెకు, కీళ్ళకు, షుగరుకు మేలు కలుగుతుంది. మోటారు సాయం ఉన్నా ఆ మేలు చాలావరకు దక్కుతుంది, ఎందుకంటే కాళ్ళు ఆడుతూనే ఉంటాయి. అయితే బ్యాటరీ ఖరీదు ఒక ఆయా నెల జీతానికి దగ్గరగా ఉంటుంది. తప్పుది కొంటే ఆరు నెలల్లో సైకిల్ మూలన పడుతుంది, ఆమె మళ్ళీ ఆటో ఎక్కుతుంది. మరీ నాసిది కొంటే ఆ ఇంటివారు మా కాలిన గాయాల వార్డుకు వస్తారు. ఈ రెండవది మాకు ఎక్కువ భయం.

ముందు లెక్క తెలుసుకోవాలి

బ్యాటరీ మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి వోల్టులు, రెండవది ఆంపియర్-అవర్లు. నర్సులకు ఇది సులభంగా అర్థమవుతుంది. సెలైన్ బాటిల్‌ను ఎంత ఎత్తున వేలాడదీశామో అది వోల్టులు. బాటిల్‌లో ఎంత ద్రవం ఉన్నదో అది ఆంపియర్-అవర్లు. ఎంత వేగంగా చుక్కలు పడుతున్నాయో అది ఆంపియర్లు. ఎత్తు ఒక్కటే చూసి, లేదా ద్రవం ఒక్కటే చూసి రోగికి ఎంత పని జరుగుతుందో చెప్పలేము. రెండింటినీ గుణించాలి. అలా గుణిస్తే వచ్చేదే వాట్-అవర్లు. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. కాబట్టి ఈ బ్యాటరీ ఒకసారి నింపడానికి అర యూనిట్ కూడా కాదు.

దుకాణంలో "48 వోల్టులండీ, బలమైనది" అంటే ఆగి, వాట్-అవర్లు ఎన్ని అని అడగండి. 48 వోల్టుల చిన్న ప్యాక్ కంటే 36 వోల్టుల పెద్ద ప్యాక్‌లో ఎక్కువ శక్తి ఉండవచ్చు. పైగా ఆ వోల్టులు మోటారుకు, కంట్రోలరుకు సరిపోవాలి. 36 వోల్టుల కిట్‌కు 36 వోల్టుల బ్యాటరీయే పెట్టాలి.

ఇక మనకెంత కావాలి? చదునైన రోడ్డు మీద, మనం కూడా నిజంగా తొక్కుతూ పోతే కిలోమీటరుకు 8 నుండి 12 వాట్-అవర్లు ఖర్చవుతాయి. 10 అనుకుందాము. పెడల్ ఊరికే పెట్టుకొని, చేతి థ్రాటిల్‌తోనే నడిపితే ఇంచుమించు రెండింతలు పడుతుంది. కృష్ణా, గోదావరి కాలువ గట్ల మీద రోడ్లు చదునుగానే ఉంటాయి, కానీ ఎదురుగాలి ఉంటుంది. విశాఖపట్నం వంటి ఎత్తుపల్లాల ఊరిలో లెక్క మారుతుంది. మనిషి, సైకిల్, సంచి కలిపి 100 కిలోలు అనుకుంటే, 100 అడుగుల ఎత్తు ఎక్కిన ప్రతిసారీ అదనంగా సుమారు 10 వాట్-అవర్లు ఖర్చు. దిగేటప్పుడు అది తిరిగి రాదు.

ఇంటి నుండి ఆసుపత్రికి 8 కిలోమీటర్లు ఉన్న స్టాఫ్ నర్సును తీసుకోండి. రానుపోను 16. కాబట్టి 160 వాట్-అవర్లు. అయితే బ్యాటరీని రోజూ అడుగంటా వాడకూడదు. ఐదవ వంతు మిగల్చాలి. అప్పుడు 200 కావాలి. రెండు మూడేళ్ళు వాడేసరికి బ్యాటరీ తన శక్తిలో ఐదవ వంతు కోల్పోతుంది. ఆ రోజున కూడా ఆమె దారిలో ఆగిపోకూడదు గనుక 250 కావాలి. ఇంతే. 500, 600 వాట్-అవర్ల పెద్ద ప్యాక్ ఆమెకు అక్కరలేదు. దాని బరువు మోయాలి, రెండవ అంతస్తుకు ఎత్తుకెళ్ళాలి, డబ్బు రెండింతలు పోయాలి, మంట పుడితే మంట కూడా అంత పెద్దది. 4 కిలోమీటర్లలోపు ఉన్నవారికి ఇందులో సగం చాలు. 15 కిలోమీటర్ల నుండి వచ్చేవారికి చిన్న బ్యాటరీ సరిపోదు. వారికి 470 వరకు కావాలి, లేదా ఆసుపత్రిలో పగలు చార్జింగ్ పెట్టుకొనే వీలుండాలి.

చిన్నది కొంటే వచ్చే చిక్కు

చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. 4 కిలోమీటర్లే కదా అని అన్నిటికంటే చిన్న ప్యాక్ కొంటారు. పది రోజులకు ఫ్లైఓవర్ మధ్యలో సైకిల్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. లైట్లు చూస్తే సగం చార్జి ఉన్నట్టే కనబడుతుంది. కాసేపు ఆగి మళ్ళీ వేస్తే పనిచేస్తుంది. దుకాణదారు కంట్రోలరు పోయిందంటాడు. నిజానికి పోయింది ఏమీ లేదు. బ్యాటరీకి మోయలేని బరువు పెట్టాము.

లోపల ఏముందో చెబుతాము. లిథియం ప్యాక్‌లలో ఎక్కువగా 18650 అనే సెల్స్ ఉంటాయి. టార్చి సెల్ వంటివే, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కొక్కటి 3.6 వోల్టులు. పదింటిని వరుసగా కలిపితే 36 వోల్టులు. అలాంటి వరుసలు రెండు పక్కపక్కన కలిపితే 20 సెల్స్, మూడు కలిపితే 30, నాలుగు కలిపితే 40. సెల్ ఒక్కటి 2.6 ఆంపియర్-అవర్లది అయితే ఇవి వరుసగా 5.2, 7.8, 10.4 ఆంపియర్-అవర్ల ప్యాక్‌లు అవుతాయి. అనగా సుమారు 187, 281, 374 వాట్-అవర్లు.

250 వాట్ల మోటారు చదునులో 7 ఆంపియర్లు తీసుకుంటుంది. బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు కంట్రోలరు 15 ఆంపియర్ల వరకు లాగుతుంది. నాలుగు వరుసలుంటే ఒక్కొక్క సెల్ మీద 4 ఆంపియర్ల కంటే తక్కువ పడుతుంది. మూడుంటే 5. రెండే ఉంటే 7.5. మామూలు రకం 2.6 సెల్ 5 ఆంపియర్ల దాకా ఓర్చుకుంటుంది. స్ట్రెచర్‌ను నలుగురు మోస్తే ఒక రకం, ఇద్దరు మోస్తే ఒక రకం. ఇద్దరితో మోయించవచ్చు, కానీ ఆ ఇద్దరు బలమైనవారై ఉండాలి. అలాగే 20 సెల్స్ ప్యాక్ కొనేవారు 10 ఆంపియర్లు ఇవ్వగల సెల్స్ ఉన్నాయా అని అడగాలి, లేకపోతే కంట్రోలరును 10 ఆంపియర్లకు తగ్గించి ఇవ్వమనాలి. మోయలేని సెల్స్ వేడెక్కుతాయి, త్వరగా ముసలివవుతాయి. లోపల ఉండే రక్షణ బోర్డు, దానిని బి.ఎం.ఎస్. అంటారు, ప్రమాదం రాకుండా కరెంటు కత్తిరిస్తుంది. ఫ్లైఓవర్ మీద సైకిల్ ఆగిపోయింది అందుకే. ఆ బోర్డు లేని ప్యాక్, లేదా దానిని తప్పించి వైర్లు కలిపిన ప్యాక్ ఎంత చవకైనా ఇంటికి తేవద్దు.

ఈ కారణాల వలన మేము మా స్టాఫ్‌కు చెప్పేది మూడు వరుసల ప్యాక్. దగ్గరలో ఉన్నవారికి కూడా అదే మేలు. పెట్టెతో కలిపి రెండు కిలోలలోపే ఉంటుంది, ఒక చేతితో తీసుకెళ్ళవచ్చు. 2 ఆంపియర్ల చార్జరుతో నాలుగు గంటల్లో నిండుతుంది.

అన్నట్టు తూకం మంచి సాక్షి. మా సిబ్బందిలో ఒకరికి 10 ఆంపియర్-అవర్లు అని స్టిక్కరు అంటించిన ప్యాక్ అమ్మారు. స్టోర్‌లోని తక్కెడ మీద పెడితే పెట్టెతో సహా 1 కిలో 100 గ్రాములు. ఒక కిలో సెల్స్‌లో 200 నుండి 250 వాట్-అవర్ల కంటే పట్టవు. 360 పట్టాలంటే సెల్సే కిలోన్నర ఉండాలి. అందులో ఉన్నది సగమే. పాత లాప్‌టాప్‌ల నుండి తీసిన సెల్స్‌కు కొత్త తొడుగు వేసి అమ్మేవారు కూడా ఉన్నారు. ప్యాక్ మీద బి.ఐ.ఎస్. గుర్తు, ఐ.ఎస్. 16046 అనే అంకె ఉన్నాయేమో చూడండి. బిల్లు మీద వాట్-అవర్లు, వారంటీ రాయించుకోండి. బిల్లు ఇవ్వనివాని దగ్గర బ్యాటరీ కొనడమంటే లేబుల్ లేని ఇంజెక్షన్ చేయించుకోవడమే.

ఏ రకం సెల్స్

సైకిల్ బ్యాటరీలలో మూడు రకాలు దొరుకుతాయి. సీసం-ఆమ్లం బ్యాటరీలు చవక, అయితే 36 వోల్టులకు మూడు పెట్టాలి, బరువు 12 కిలోలు, రోజూ సగం కంటే ఎక్కువ వాడితే ఏడాది రెండేళ్ళకే పోతాయి. తొక్కే సైకిల్‌కు ఇవి వద్దు.

మిగిలిన రెండూ లిథియం. ఎన్.ఎం.సి. అనేది తేలికగా, చిన్నదిగా ఉంటుంది. పైన చెప్పిన లెక్కలన్నీ దానివే. ఐదారు వందల సార్లు నింపేదాకా బాగుంటుంది. రెండవది ఎల్.ఎఫ్.పి., ఇనుము, ఫాస్ఫేటు కలిసినది. సెల్ ఒక్కటి 3.2 వోల్టులే గనుక పన్నెండు వరుసగా పెడతారు. అంతే శక్తికి కిలో, కిలోన్నర బరువు ఎక్కువ. కానీ వేయి, వేయిన్నర సార్లు నింపినా పనిచేస్తుంది, ముఖ్యంగా వేడికి అంత త్వరగా అదుపు తప్పదు. అది అసలు కాలదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కాలుతుంది, కానీ అంత సులభంగా కాదు. ఒకే గది ఇల్లు, వరండా లేదు, చార్జింగ్ పెడితే పిల్లలు పడుకునే చోటే పెట్టాలి అన్నవారు ఎల్.ఎఫ్.పి. తీసుకోవాలని మా అభిప్రాయం. చదును రోడ్డు మీద కిలో బరువు లెక్కలోకి రాదు.

చార్జరు సంగతి

ఎన్.ఎం.సి. 36 వోల్టుల ప్యాక్ నిండినప్పుడు 42 వోల్టులు ఉంటుంది. దాని చార్జరు మీద 42 అనే అచ్చు ఉండాలి. ఎల్.ఎఫ్.పి. ప్యాక్‌కు 43.8. సీసం బ్యాటరీల చార్జరు 44 దాకా ఇస్తుంది. 48 వోల్టుల లిథియం చార్జరు 54.6 ఇస్తుంది. చిక్కేమిటంటే వీటన్నిటికీ ఒకే రకం పిన్ను ఉండవచ్చు. పక్కింటివారి చార్జరు పిన్ను పట్టింది గదా అని పెట్టేస్తారు. చార్జి నిండినట్టే కనబడుతుంది. లోపల సెల్స్ ఓర్చుకోగలిగిన దానికి మించి నిండుతాయి. బి.ఎం.ఎస్. మంచిదైతే ఆపుతుంది. నాసిదైతే ఆపదు. రక్తం గ్రూపు సరిచూడకుండా బాటిల్ ఎక్కించము కదా. చార్జరు మీద, బ్యాటరీ మీద ఒకే రంగు నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టుకోండి. ఇంట్లో రెండు వాహనాలున్నవారికి ఇది చాలా అవసరం.

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రి చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి, అక్కడ నిద్రిస్తున్న 80 ఏళ్ళ పెద్దాయన మరణించారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు మరణించారు, కుటుంబ సభ్యులు గాయపడ్డారు. అదే సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన అగ్నిప్రమాదంలో పైఅంతస్తుల లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. వారిలో చాలామందిని తీసినది మంటలు కాదు, పొగ. స్కూటర్ బ్యాటరీ సైకిల్ బ్యాటరీ కంటే పెద్దది, నిజమే. అయినా లోపలి పదార్థం అదే.

కాబట్టి చార్జింగ్ పెట్టే చోటు మేలుకొని ఉన్నవారి కంటికి కనబడాలి. మంచం కింద, పరుపు మీద, వంటగదిలో గ్యాస్ దగ్గర పెట్టవద్దు. ఇంటికి ఒక్కటే తలుపు ఉంటే ఆ తలుపు దగ్గర అసలే వద్దు, మంట పుడితే బయటికి దారి ఉండదు. గచ్చు నేల మీద, బండ మీద పెట్టండి. రాత్రి పెట్టి పడుకోవద్దు. నైట్ డ్యూటీవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. పొద్దున ఇంటికి వచ్చి, అలసటతో ప్లగ్గు పెట్టేసి పడుకుంటారు. అలా కాకుండా సాయంత్రం లేచి, వంట చేసుకుంటూ ఉన్న సమయంలో పెట్టుకోండి.

వేసవి గురించి ఒక మాట. ఈ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం బయటే అంత ఉంటుంది. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. ఎండలో తొక్కి వచ్చిన బ్యాటరీని గంటసేపు నీడలో చల్లారనిచ్చి, తరువాత పెట్టండి. చేతికి వేడిగా తగులుతుంటే ఇంకా ఆగండి. ప్రసూతి సెలవు వంటి పెద్ద సెలవుల్లో సగం చార్జితో ఉంచి, నెలకొకసారి చూసుకోండి. పూర్తిగా నింపి ఉంచడం, పూర్తిగా ఖాళీగా వదిలేయడం రెండూ చేటే.

ఆసుపత్రి లోపల, అనగా డ్యూటీ రూములో, వార్డు ప్లగ్గుల దగ్గర, మెట్ల కింద ఎవరూ చార్జింగ్ పెట్టకూడదు. ఆక్సిజన్ వాడే చోట మామూలు మంటే పెద్ద మంట అవుతుంది, లేవలేని రోగులు పరుగెత్తలేరు. దీని విషయంలో మేము ఎవరినీ ఉపేక్షించము.

బ్యాటరీ ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, బుసబుసమని చప్పుడైనా, ప్లగ్గు తీయడానికి వీలుంటే తీసి అందరూ బయటికి రండి. తలుపు మూసి, 101కి ఫోను చేయండి. మండుతున్న ప్యాక్‌ను చేతితో పట్టుకొని బయటికి విసరబోయి చేతులు, ముఖం కాల్చుకుంటారు. ఆ పని చేయవద్దు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది. పొగ పీల్చినవారు ఆ సమయానికి బాగానే ఉన్నట్టు కనబడినా, దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. కాలిన చోట 20 నిమిషాలు ధారగా చల్లని నీళ్ళు పోయండి, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి, శుభ్రమైన పాత నూలు గుడ్డ వదులుగా కప్పండి. పేస్టు, ఇంకు, పసుపు, గుడ్డు సొన ఏవీ రాయవద్దు. అవి రాసుకొని వచ్చినవారికి ముందు వాటిని తుడవడమే మాకు పెద్ద పని, వారికి పెద్ద బాధ.

లైసెన్సు గురించి కూడా కొందరు అడుగుతున్నారు. మోటారు 250 వాట్లలోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగానికి దాని సాయం ఆగిపోయే సైకిల్ మన దేశ చట్టంలో మోటారు వాహనం కాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. వేగం పెంచి ఇస్తామని ఆ పరిమితి తీసివేసే మెకానిక్కులున్నారు. అప్పుడు చట్టమూ మారుతుంది, చిన్న బ్యాటరీ మీద బరువూ పెరుగుతుంది. ఇంకొకటి, అమెరికాలో ఉన్న అబ్బాయి మంచి బ్యాటరీ తెస్తానన్నాడని ఒకరు అన్నారు. విమానంలో ప్రయాణికులు 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని తీసుకురావడానికి అనుమతి లేదు. మనకు కావలసినది అంతకంటే పెద్దది. కాబట్టి ఇక్కడే, సర్వీసు దొరికే ఊరిలో కొనుక్కోవాలి.

పాతబడిన ప్యాక్‌ను చెత్తకుండీలో వేయవద్దు, పాత ఇనుము వానికి అమ్మవద్దు. సుత్తితో కొడితే మంట లేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత తయారుచేసినవారిది. కొత్తది కొనేటప్పుడే పాతది ఎక్కడ ఇవ్వాలో అడిగి, బిల్లు వెనుక రాయించుకోండి.